మొహమాటానికి పూసిన రంగు

నేను రిటైర్ కావడానికి కొద్దిగా ముందు, సింగపూర్‌లోని మా సరుకు రవాణా కంపెనీ ఆఫీసువాళ్ళందరినీ క్లెమెంటి పేటలో ఒక శిక్షణ గదిలో రోజంతా కూర్చోబెట్టింది. ప్రశ్నలడిగి మా స్వభావాలకు రంగులు ఇస్తారట. ఎరుపంటే నాయకుడు, పసుపంటే మాటకారి, ఆకుపచ్చంటే శాంతపరుడు, నీలమంటే పద్ధతి మనిషి. నాకు నీలం వచ్చింది. చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాసేవాడు పద్ధతి మనిషని కనిపెట్టడానికి ఒక నిపుణుడు కావలసి వచ్చాడు. మా ఆవిడ ఏ శిక్షణా లేకుండానే ఆ మాట అంటుంది, తిట్టేటప్పుడు.

నా పక్క సీటు అమ్మాయికి ఆకుపచ్చ వచ్చింది. పక్కనే మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చిన తెలుగు కుటుంబం ఆమెది; మాట చివర ఇక్కడివాళ్ళలాగే ఊతపదంగా లాహ్ అంటుంది. మా సెక్షన్ హెడ్ మానేశాక సెక్షన్‌ని నడిపింది ఆమే. ఆ పదవి ఆమెకే వస్తుందని అందరం అనుకున్నాం. తీరా చూస్తే ఆమె రిపోర్టులో నాయకత్వంపై ఆసక్తి తక్కువ అని ఉంది. మేనేజరు అది పట్టుకుని బయటి మనిషి కోసం వెతకడం మొదలుపెట్టాడు.

ఏం రాశావమ్మా అని అడిగాను. బాధ్యత అప్పగిస్తే వెంటనే ఒప్పుకుంటారా అన్న ప్రశ్నకు లేదని టిక్ పెట్టిందట.

"ఇస్తామనగానే సరే అంటామా అంకుల్? ఆశపోతు అనుకోరూ?"

అందులో ఆమె తప్పేమీ లేదు. మన ఇళ్ళలో కాఫీ ఇస్తామన్నా మొదట వద్దనే అంటాం. ఇచ్చేవాళ్ళు మళ్ళీ అడగాలి, అప్పుడు కొంచెం ఇవ్వమనాలి. అది మొహమాటం. మనుషులందరినీ నాలుగు డబ్బాల్లో సర్దేసిన ఆ పెద్దమనిషికి, వద్దన్నవాళ్ళకు కావాలని ఉండవచ్చన్న సంగతి మాత్రం తెలియదు.

మేనేజరు దగ్గరికి వెళ్ళి ఆమెనే అడగమన్నాను. రిపోర్టులో ఉంది కదా అన్నాడు. రిపోర్టు పని చేయదు, ఆ అమ్మాయి చేస్తుంది అన్నాను. విసుగ్గానే పిలిపించి అడిగాడు. ఇంకెవరైనా ఉన్నారేమో చూడమంది. చూశావా అన్నట్టు అతను నావైపు చూశాడు. మళ్ళీ అడగమన్నాను. అడిగాడు. అందరూ అంతగా అంటే చేస్తానంది. అది అవునా కాదా అని అతను నన్నే అడిగాడు. అవునన్నాను.

పదవి ఆమెకే వచ్చింది.

కొన్నాళ్ళకు అదే నిపుణుడు వచ్చి మళ్ళీ పరీక్ష పెట్టాడు. ఈసారి ఆమెకు ఎరుపు. తన శిక్షణ మనిషిని ఎంతగా మార్చిందో చూడండంటూ పాత రంగూ కొత్త రంగూ తెర మీద పక్కపక్కన వేసి చూపించాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు మేనేజరు.

టీ తాగుతుండగా ఏం మారిందమ్మా అని అడిగాను.

"ఏం మారలేదు లాహ్ అంకుల్. ఏ జవాబుకి ఏ రంగొస్తుందో పోయినసారే తెలిసిపోయింది. ఎరుపొచ్చేవే టిక్ చేశా."

వచ్చే ఏడాది శిక్షణకు కూడా మేనేజరు ఆ మధ్యాహ్నమే ఆ నిపుణుణ్ణే మాట్లాడుకున్నాడు.