నేను రాసిచ్చిన క్షమాపణ

నంద్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. అక్కడ గోడపత్రిక బాధ్యత నాది. పిల్లలు డ్రాయింగ్ షీట్ల మీద చేత్తో రాసుకొస్తే, మెట్ల పక్క గోడకు మైదాపిండి జిగురుతో అంటించేవాళ్లం. దానికి ఒకే ఒక్క నియమం, అదీ నేను పెట్టిందే. ఈ సోమవారం అంటించింది వచ్చే సోమవారం దాకా ఎవరూ చింపకూడదు. నచ్చనివాళ్లు పక్కనే తమ మాట రాసి అంటించుకోవచ్చు. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ ఈ నియమం వినిపించి మీసం మీద చెయ్యేసుకునేవాణ్ణి.

రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేది. వాళ్ల నాయన దేవుడి విగ్రహాలు చెక్కే శిల్పి. ఆ పిల్ల ఏది మాట్లాడినా సూటిగా మాట్లాడేది. ఒక సోమవారం గల్ఫ్‌లోని ఒక దేశం గురించి రాసి గోడకు అంటించింది. ఫోన్లో నాలుగు మాటలు రాసినందుకు అక్కడి ప్రభుత్వం ఒక ఆడమనిషిని ఏళ్ల తరబడి జైల్లో పెట్టిందట. ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయి, ఇంకో పదిమంది నోటికి దస్తీలు కట్టుకుని, చేతుల్లో అట్టలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. అరుపుల్లేవు, నినాదాల్లేవు. గంట కొట్టగానే దస్తీలు విప్పి క్లాసుకు వచ్చేశారు. నేను లోపల్లోపల ఎంత పొంగిపోయానో! వాళ్లు నా విద్యార్థులని స్టాఫ్ రూములో రెండుసార్లు అన్నాను కూడా.

వాళ్లు అలా నిలబడినప్పటి ఫోటో ఆ అమ్మాయి పెడితే, సాయంత్రానికి అందరి ఫోన్లలోకీ పోయింది. మర్నాడు చాగలమర్రి నుంచి ఒకామె ఏడుస్తూ వచ్చింది. ఆమె కొడుకు ఆ వరుసలో ఉన్నాడు. భర్త ఆ దేశంలోనే డ్రైవరు.

"దస్తీ కట్టుకుంటే మాత్రం ఏంది సార్, నా కొడుకును కండ్లు చూసి గుర్తుపట్టరా? ఆయప్ప ఆడ ఉండాడు. వాళ్లు ఏమన్నా చేస్తే నేను యాడికి పోవాల?" అంది.

అమ్మాయిని పిలిపించాను. వస్తూనే ఆ తల్లి ఎదుటే ఫోన్ తీసి ఫోటో చెరిపేసింది. ఎవరెవరికి పోయిందో వాళ్లందరికీ ఫోన్లు చేసి తీసేయమని బతిమాలింది. "నీ భయం న్యాయమేలే అక్కా, ఫోటో పెట్టింది నాదే తప్పు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "గోడ మీద రాసింది మాత్రం తీయను సార్. సోమవారం దాకా ఉండాల కదా" అంది.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ ప్రిన్సిపాల్ నన్ను తన గదిలోకి పిలిచాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిది. మన ఊర్లో మురుక్కాలవ మీద రాయమనప్పా, పరాయి దేశాల గొడవ మనకేంది? రేపు ప్రేయర్లో ఆ పిల్ల మైకులో సారీ చెప్పాల. లేదంటే టీసీ ఇచ్చి పంపిస్తాం."

నా నియమం గురించి నేను నోరెత్తలేదు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, ప్రతి జూన్‌లోనూ ఆయన సంతకం పడితేనే ఉంటుంది. గోడపత్రిక నడిపే పెద్దమనిషిని కాస్తా గోడ మీద పిల్లినైపోయాను.

అమ్మాయికి మాత్రం నా ఉద్యోగం సంగతి చెప్పలేదు. చాగలమర్రి ఆమె కన్నీళ్లు గుర్తుచేశాను. మీ నాయన కష్టం చూడమన్నాను. టీసీ ఇస్తే ఏడాది చదువు మట్టిలో కలుస్తుందన్నాను. అన్నీ నిజాలే. ఆ నిజాల వెనక నా భయాన్ని దాచుకున్నాను, అంతే.

"ఆడ జైల్లో ఉండేది మా పక్కింటామె అయింటే రాయొచ్చునా సార్?" అని అడిగింది.

"ఇది వాదించే టైమా?" అని కసిరాను. సారీ రాయడం తనకు చేతగాదంది. అయితే నేనే రాసిస్తానన్నాను. 'తెలిసీ తెలియని వయసులో' అని మొదలుపెట్టి, పది నిమిషాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ ఏడాది నేను రాసినవాటిలో అదే చక్కటి వచనం. బుధవారం పొద్దున ఆమె దాన్ని మైకులో తడబడకుండా చదివింది. నేను స్టాఫ్ వరుసలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. తర్వాత గోడను తడిపి ఆ షీటును నా చేతులతోనే గీకేశాను.

రెండ్రోజులకు వాళ్ల నాయన వచ్చాడు. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది, కనుబొమల మీద రాతిదుమ్ము అలాగే ఉంది.

"నా బిడ్డ రాసింది అబద్ధమా సార్?"

"అబద్ధం కాదు."

"మరి తప్పేందీ?"

పరిస్థితులు, క్రమశిక్షణ, కాలేజీ పేరు అంటూ నేను ఏదేదో చెప్పాను. అంతా విన్నాడు. "రాయిలో బీట ఉంటే నేను గిరాకీకి చెప్పేస్తా సార్. మైనం పెట్టి పూడ్చి అమ్మేటోళ్లు ఉండారు, అది నాకు చేతగాదు. మీరు నా బిడ్డ చేత ఆ పని చేయించినారు" అని లేచి వెళ్లిపోయాడు.

రాళ్లు కొట్టుకునేవాడికేం తెలుసు అని ఆ సాయంత్రం ఇంట్లో గొణుక్కున్నాను. ఆ గొణుగుడు తలచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

ఆ అమ్మాయి డిగ్రీ మంచి మార్కులతో పూర్తిచేసింది కానీ గోడపత్రికకు మళ్లీ ఒక్క ముక్క ఇవ్వలేదు. మిగతా పిల్లలూ సూక్తులు, పండగ శుభాకాంక్షలు తప్ప ఏమీ తేలేదు. వాటిని చింపే అవసరం ఎవరికీ రాలేదు. రెండేళ్ల తర్వాత ఒక జూన్‌లో, ఏ కారణమూ చెప్పకుండానే, నన్నూ తీసేశారు.

పోయిన నెల ఆళ్లగడ్డ వెళ్లాను. పనేమీ లేదు, ఆమెను చూడాలనే వెళ్లాను. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వాళ్ల నాయన ఏదో విగ్రహం చెక్కుతున్నాడు. నన్ను చూసి తల ఊపాడంతే. ఆమె ఒక మూల నల్లరాతి పలక మీద అక్షరాలు చెక్కుతోంది. ఏదో భవనం ప్రారంభోత్సవానికి శిలాఫలకమట, పై నుంచి కింద దాకా నాయకుల పేర్లే.

"మీరా సార్, రాండి, కూచోండి" అని స్టూలు జరిపింది.

"ఇంకా ఏమైనా రాస్తున్నావా అమ్మా?" అని అడిగాను.

"రాస్తాండా కదా సార్. ఎవురు ఏం రాసిస్తే అది" అంది పలక చూపించి. "మీకూ ఫలకం కావాల్నా? ఏం రాయాల్నో కాగితం మీద రాసిచ్చిపోండి, బేగా చేసిస్తా."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. దారి పొడుగునా మనసులో కూర్చుకున్నదంతా మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. "ఆ రోజు తప్పు నీది కాదమ్మా, నాది. నా ఉద్యోగం పోతుందని నీ చేత చెప్పించాను. నన్ను క్షమించు."

ఆమె చెక్కిన అక్షరాల్లో దుమ్ము ఊది, వేలితో తుడిచింది.

"అది నాకు అప్పుడే తెల్సు సార్" అంది. "ఈ మాట ఆ పొద్దు మైకులో చెప్పింటే బాగుండు."