మహానందమ్మ వేళ్ల మీద పేరు

అబ్రహాము పగబట్టినాడంటే ఆళ్లగడ్డలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు. గొంతెత్తి మాట్లాడి ఎరగని మనిషి. బస్టాండు వెనక సందులో ఒక గది తీసుకుని ఫోటోలు తీసేవాడు. నేనప్పుడు ఊళ్లో లైబ్రరీ చూసుకునేవాణ్ణి. ఆదివారం ప్రార్థన కాగానే తిన్నగా నా దగ్గరికి వచ్చి, ఎక్కడెక్కడో సంపాదించిన ఇంగ్లీషు ఫోటోల పుస్తకాలు నా ముందు తెరిచి, "రామానుజం సారూ, ఈ పేజీలో ఏముందో సెప్పు," అనేవాడు. నేను చదివి చెప్పేవాణ్ణి. అట్లా ఆయన పగలో నాకూ ఒక పాలు ఉంది. ఆయన బతికుండగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆయనా లేడు, ఎవరి మీద పగబట్టినాడో ఆ జగన్నాథమూ లేడు.

జగన్నాథానికి నంద్యాలలో పేరున్న స్టూడియో ఉండేది. అబ్రహాము పదకొండేండ్లు ఆయన దగ్గరే పనిచేసినాడు. చీకటి గదిలో ప్రింట్లు వేయడం, నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు దిద్దడం, అన్నీ ఈయన చేతి మీదే నడిచేవి. 1971లో సెలవు చెప్పి, భార్య కమలాక్షమ్మ పుట్టిన ఊరైన ఆళ్లగడ్డకు వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. జగన్నాథానికి అది మింగుడు పడలేదు.

మా వైపు మిద్దె ఇండ్లలో నడిమింటి పైకప్పులో వెలుతురు కోసం ఒక కన్నం వదులుతారు. గవాచి అంటాం. తన గదిలోనైనా, పిలిచిన ఇంట్లోనైనా అబ్రహాముకు ఉన్న దీపమల్లా అదే. పొద్దున పది గంటలప్పుడు గవాచి కింద దూలాలకు ఒక పల్చటి తెల్లగుడ్డ దారాలతో కట్టేవాడు. ఎండ ఆ గుడ్డలో వడగట్టుకుని మెత్తగా కిందికి దిగేది. ముఖంలో నీడపడే వైపు ఒక తెల్ల పంచె ఆరగట్టి వెలుతురును అటు తిప్పేవాడు. ఆ వెలుతుర్లో తీసిన ఫోటోలో ముసలమ్మ చెంప మీద ముడత, పసిబిడ్డ గడ్డం కింద మడత, వేలితో తాకితే తగులుతాయేమో అన్నట్టుండేవి. చిక్కు ఒక్కటే. వెలుతురు తక్కువ కాబట్టి ఫోటో పడేదాకా అందరూ ఊపిరి బిగబట్టాలి. "ఒక్కటీ… రెండూ…" అని ఆయన లెక్కపెట్టేలోపు ఏ పిల్లోడో తల తిప్పితే, ఆ తల ఉన్నచోట పొగలాంటి మరక మిగిలేది.

ఆ పల్చటి గుడ్డ కమలాక్షమ్మ పెండ్లి ముసుగు. చర్చిలో ఉంగరాలు మార్చుకున్ననాడు తల మీద వేసుకున్నది. "పెట్టెలో పెట్టి పురుగులకేసేదాని కంటే మేలు గదా," అని ఆమే ఇచ్చింది.

1973లో ఆళ్లగడ్డ బట్టల వ్యాపారి విశ్వేశ్వరయ్య ఇంట్లో మనవడి మొదటి పుట్టినరోజు. ఇంటిల్లిపాదికీ ఒక ఫోటో కావాలన్నారు. పందొమ్మిది మంది. అబ్రహాముకు అంత పెద్ద ఇంటి పిలుపు రావడం అదే మొదలు. ముసుగు కట్టినాడు, పంచె ఆరగట్టినాడు, అందరినీ సర్ది కూర్చోబెట్టినాడు. రెండుసార్లు నొక్కినాడు. రెండుసార్లూ పిల్లోడు ఎగిరినాడు. మూడోసారికి మబ్బు కమ్మింది.

సరిగ్గా అప్పుడు చుట్టరికం మీద నంద్యాల నుంచి జగన్నాథం దిగినాడు. భుజాన కెమెరా, చేతిలో కొత్త ఫ్లాషు.

"ఏందిరా అబ్రహామూ, సూర్యుని కోసం కాసుకోనుండావు? సంధ్యావందనం ఎప్పుడు నేర్సినావు?"

ఇల్లంతా గొల్లున నవ్వింది.

"రోంత సేపన్నా. మబ్బు పోతాంది," అన్నాడు అబ్రహాము.

"అది పోయేతలికి మా పాపోడు పెండ్లికొడుకైతాడు. ఏందీ, ఈ దోమతెర?" అని జగన్నాథం మూలనున్న కట్టె తీసుకుని ముసుగును కిందికి లాగినాడు. సగానికి చిరిగింది. దాంతోనే కుర్చీ మీద దుమ్ము తుడిచి, దులిపి, అబ్రహాము భుజాన వేసినాడు. ఆపైన ఫ్లాషు చేతికిచ్చినాడు.

"పట్టుకో. ఇంకా ఎత్తుగా. నీకు అలవాటైన పనే గదా."

అబ్రహాము పట్టుకున్నాడు. అందరి ముందు, తన ఫోటోకని తాను కూర్చోబెట్టిన మనుషుల ముందు, చెయ్యెత్తి దీపస్తంభం మాదిరి నిలబడినాడు. ఒక్క మెరుపు. అంతే, అయిపోయింది. "పిల్లోడు కదిలినా పడింది సూడప్పా!" అని అందరూ మెచ్చుకున్నారు.

నేనా ఫోటో చూసినాను. మాట దాచకూడదు, పందొమ్మిది ముఖాలూ స్పష్టంగా ఉన్నాయి. అయితే అన్నిటికీ గోధుమపిండి పూసినట్టుంది. ప్రతి తల వెనకా గోడ మీద ఒక నల్లటి నీడ అతుక్కుంది. గోడకున్న నరసింహస్వామి పటం అద్దంలో ఫ్లాషు మెరిసి, స్వామి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి బొబ్బ మిగిలింది. అదెవరికీ కనబడలేదు. ఊళ్లో మాత్రం అబ్రహాముకు "గవాచి అబ్రహాము" అని పేరు పడింది. సీమంతమైనా, బారసాలైనా ఫోటోకు నంద్యాల కబురు పోయేది. ఈయనకు దరఖాస్తు ఫారాల మీద అంటించే ఫోటోలు మిగిలినాయి.

"నువ్వూ ఆ ఫ్లాషేందో కొనుక్కోరాదా?" అని కమలాక్షమ్మ పోరేది.

"కొంటాలే. దానికి ముందర ఒక పనుంది," అనేవాడు.

చిరిగిన ముసుగును ఆయనే కుట్టుకున్నాడు. ఆ కుట్టు మీద అప్పుడప్పుడు వేలు పెట్టి రుద్దుతుండేవాడు. మానిన గాయాన్ని గోకుతున్నట్టు.

1978లో ఒక ఆదివారం ఆయన తెచ్చిన పుస్తకంలో ఒక పేజీ చదివి చెప్పినాను. కొత్తరకం కెమెరాల్లో ఫిల్ము ముందర రెండు గుడ్డ తెరలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తుతాయి. కెమెరా మీద వేగం అంకె అరవై దాకా పెడితే మొదటి తెర పూర్తిగా తొలగినాకే రెండోది కదులుతుంది. అరవై దాటి పెడితే మొదటిది పూర్తిగా పోకముందే రెండోది బయల్దేరుతుంది. ఆ క్షణాన ఫ్లాషు వెలిగితే ఫోటో సగమే పడుతుంది, మిగతా సగం నలుపు. పాత పెట్టె కెమెరాల్లో ఈ బాధ లేదు, ఏ అంకె మీద పెట్టినా ఫ్లాషు పడుతుంది.

"ఇంగోసారి సదువు సారూ," అన్నాడు. చదివినాను. "మల్లా," అన్నాడు. మూడోసారి చదివినాక పుస్తకం మూసి, "జగన్నాథన్నకు ఇంగ్లీషు రాదు," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదనను. అర్థమైంది. ఊరుకున్నాను.

1981 మాఘమాసంలో జగన్నాథం దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆయన తల్లి మహానందమ్మకు ఎనభై దాటినాయి. నలుగురు కొడుకులతో, మనవళ్లతో కలిసి ఒక్క ఫోటో దిగాలని ఆమె కోరిక. శ్రీశైలం డ్యాము పనిలో ఉన్నవాడు, ఆదోనిలో ఉన్నవాడు, బళ్లారిలో ఉన్నవాడు, ముగ్గురూ వస్తున్నారు. నాలుగో కొడుకు జగన్నాథమే. ఫోటోలో తాను కూర్చోవాలంటే మీట నొక్కే చెయ్యి ఇంకొకటి కావాలి. వచ్చి పొమ్మని రాసినాడు. అబ్రహాము కార్డు నాకు చూపించి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తన పాత పెట్టె కెమెరా, కుట్టిన ముసుగు సంచిలో వేసుకుని మొదటి బస్సుకే పోయినాడు.

అక్కడ జరిగింది ఆయన నోట విన్నదే. కొడుకులింకా స్నానాలు చేస్తున్నారు. మహానందమ్మ ఒక్కతే గవాచి కింద పీట మీద కూర్చుని కనకాంబరాలు మాల కడుతోంది. ఆ ఇంట్లో పదకొండేండ్లు అబ్రహాముకు అన్నం పెట్టిన చెయ్యి అది.

"అబ్రహామూ, సద్ది తాగినావా నాయనా?"

"తాగినామ్మా."

"ఆ మెరుపు దీపం మల్లా ఎలిగిస్తారంట గదా. అది ఎలిగితే నా కండ్లు మూతపడతాయి. మావాడు ఇన్ని ఫోటోలు దీసినాడా, ఒక్కదాంట్లో నేను కండ్లు తెర్సిండ్లేదు. దయ్యం పట్టినదాని మాదిరుంటా."

నిజమే. ఫ్లాషుతో నంద్యాలనే జయించిన కొడుకు ఇంట్లో తల్లి కండ్లు తెరిచిన ఫోటో ఒక్కటీ లేదు.

"మెరుపు లేకుండా నేనొకటి దీస్తా. మాల కడ్తానే ఉండు. నేను సెప్పినప్పుడు కదలాకు," అని అబ్రహాము ముసుగు కట్టి, మీట నొక్కి పట్టుకుని రెండు లెక్కపెట్టినాడు.

"అయిపోయిందా? సప్పుడే రాల్యా!" అని ఆమె నవ్వింది.

తర్వాత అందరూ వచ్చి కూర్చున్నారు. నడుమ మహానందమ్మ, అటిద్దరు కొడుకులు, ఇటిద్దరు. జగన్నాథం మద్రాసు నుంచి తెప్పించిన కొత్తరకం కెమెరాను స్టాండు మీద బిగించి, పాత కెమెరా అలవాటు కొద్దీ వేగం అంకె నూట ఇరవై అయిదు మీద పెట్టినాడు.

"ఇది నీ గవాచి కెమెరా కాదురా. దేన్నీ ముట్టుకోవద్దు. మీట మాత్రం నొక్కు. తెలిసిందా?"

"తెలిసిందన్నా."

ఆరుసార్లు నొక్కినాడు. ఆరుసార్లు మెరుపు మెరిసింది.

"ఒక్కసారన్నా చెప్పాలనిపించలేదా?" అని తర్వాత నేనడిగినాను.

"ఆయమ్మ అప్పటికే నా సంచిలో ఉంది సారూ. మిగిల్నోళ్లతో నాకేం పని?" అన్నాడు.

కొడుకులు ఆ సాయంత్రమే ఎవరి ఊళ్లకు వాళ్లు పోయినారు. ఫిల్ము కడిగి చూస్తే ఆరింటికి ఆరూ సగం నలుపు. మహానందమ్మ ముక్కు దగ్గర గీత గీసినట్టు అటు వెలుతురు, ఇటు చీకటి. ఆ చీకట్లో ఇద్దరు కొడుకులు మునిగిపోయినారు. కనబడే సగం ముఖంలోనూ ఆమె కన్ను మూసే ఉంది. ఫిల్ము పాతదేమోనని జగన్నాథం అనుకున్నాడు. ఉగాదికి మళ్లీ అందరినీ పిలిపిద్దామనుకున్నాడు. ఉగాదికి నాలుగు రోజుల ముందర ఆమె పోయింది. పోయేదాకా, "ఫోటో వచ్చిందా?" అని అడుగుతూనే ఉందంట.

ఆ మాట నేను చెప్పినప్పుడు అబ్రహాము చాలాసేపు ముసుగు కుట్టు రుద్దుతూ కూర్చున్నాడు.

పన్నెండో రోజున పటం పెట్టుకోవాలి. పెట్టుకోవడానికి ఆమె కండ్లు తెరిచిన ఫోటో లేదు. ఆ పొద్దున అబ్రహామేదో తీసినాడని ఇంట్లో ఆడవాళ్లెవరో చెప్పినారు. జగన్నాథం గుండు మీద తువ్వాలు కప్పుకుని ఆళ్లగడ్డ వచ్చినాడు. నేనప్పుడు ఆ గదిలోనే ఉన్నాను.

"మా అమ్మ ఫోటో ఉందంట గదరా నీ కాడ. నెగటివ్ ఇయ్యి. ఎంతడిగితే అంతిస్తా."

"నీ దుడ్లొద్దన్నా. ప్రింటు నేనే ఏసిస్తా. నెగటివ్ నా కాడే ఉంటాది. ముందర ఒక మాట ఇను," అని అబ్రహాము బల్ల మీద కాగితం పెట్టి, రెండు తెరలు గీసి, అరవై అంకె సంగతి చెప్పినాడు. మూడేండ్ల కిందట నేను చదివింది చదివినట్టే చెప్పినాడు, పొల్లుపోకుండా.

జగన్నాథం ఆ కాగితం చేతికి తీసుకున్నాడు. "ఇదంతా నీకు తెల్సా? తెల్సే నొక్కినావా?"

"తెల్సే నొక్కినా. ముట్టుకోవద్దంటివి, ముట్టుకోలా. నొక్కమంటివి, నొక్కినా. నాకు అలవాటైన పనే గదా."

కొడతాడేమోనని నేను లేచినాను. ఆయన చెయ్యి ఎత్తలేదు. గోడకు ఆనుకుని, "రేపటికల్లా కావాల," అన్నాడు.

మరునాడు ప్రింటు నేనూ చూసినాను. పై నుంచి దిగిన వెలుతుర్లో మహానందమ్మ కండ్లు తెరిచి, నవ్వబోతూ ఉంది. ఒళ్లో కనకాంబరాలు, సగం కట్టిన మాల పట్టుకున్న వేళ్లు. ఆ వేళ్ల మీదుగా తెల్లటి అక్షరాల్లో "అబ్రహాము, ఆళ్లగడ్డ" అని ఉంది. ఏ ఫోటోగ్రాఫరైనా పేరు మూలన రాసుకుంటాడు. ఈయన ఆ పేరును నెగటివ్ మీదే నల్లసిరాతో, ప్రింటులో తెల్లగా పడేట్టు రాసినాడు. చెరపాలంటే తల్లి వేళ్లు చెరపాలి. కింద కత్తిరించాలంటే తల్లి చేతులు కత్తిరించాలి. పదకొండేండ్లు మచ్చలు దిద్దిన మనిషి, ఎక్కడ రాస్తే దిద్దడానికి వీలుపడదో ఆయనకు తెలుసు.

జగన్నాథం అది చూసినాడు. కాగితంలో చుట్టి తీసుకుని పోయినాడు.

1987లో పనుండి నంద్యాల పోయినప్పుడు నేనా స్టూడియోకు వెళ్లినాను. లోపలికి పోగానే ఎదురుగా మహానందమ్మ పటం. దానికి ఇంత మందాన చామంతి దండ, సరిగ్గా ఒళ్లో చేతుల దాకా కప్పుతూ. "మా అయ్యకు వాళ్లమ్మంటే ప్రాణం సార్. ఎండకైనా వానకైనా పొద్దున్నే పాతది దీసి కొత్తది ఆయనే ఏయాల, ఇంగొకర్ని ముట్టుకోనీడు," అన్నాడు అక్కడ పనిచేసే అతను.

ఆళ్లగడ్డ వచ్చి చెప్పినాను. అబ్రహాము పంచె మడుస్తూ ఆగినాడు.

"పాత దండ దీసినప్పుడు సారూ, కొత్తది ఏసే లోపల, రోంత సేపు నా పేరు కనపడతాది గదా?"

"కనపడుతుంది."

"దినామూ?"

"దినామూ."

ఆయన పంచె మడిచి పెట్టి, గవాచి వైపు చూసి, "ఎండొచ్చింది," అని లేచినాడు.