మూడో ఇత్తడి చక్రం

ఒట్టు వేసి చెబుతున్నాను. మామూలు ఒట్టు కాదు. మా వైపు పెద్దవాళ్ళు కాగుతున్న బెల్లం పెనం మీద చెయ్యి చాచి ఒట్టు వేసేవారు, అబద్ధమాడితే ఆవిరే చెయ్యి కాలుస్తుందని. ఇప్పుడు కాగే పెనం కోసం ఎక్కడికని తిరగను? అందుకని ఛార్జింగులో పెట్టి మరీ ఆడుతున్న మా బావ ఫోను మీద చెయ్యి పెట్టాను. వేడిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. ఇందులో ప్రతి మాటా నిజం. నా మాట నమ్మనివాళ్ళు అనకాపల్లిలో ఇంటికొకరున్నారు. వాళ్ళు కూడా ఈసారికి నమ్మక తప్పదు.

బావ అంటే మా అక్క భర్త. అనకాపల్లి పక్కనే వాళ్ళ పల్లె. వయసులో ఉన్నన్నాళ్ళూ చెరకు వేసి, సొంత గానుగ ఆడించి, బెల్లం వండి మార్కెట్టుకు తోలిన మనిషి. ఆయన బెల్లం దిమ్మలు ఆరబెడితే ఈగలు కూడా తోసుకోకుండా వరసలో నిలబడేవి. ఒట్టు వేశాను కదా. బెల్లం వండే పాక దగ్గరికి ఎవరొచ్చినా వట్టి చేతులతో పంపకూడదని వాళ్ళింట్లో నియమం. గ్లాసుడు చెరకు రసమో, చెరకాకు మీద వేడి పాకమో ఇవ్వాలి. లేదని పంపేస్తే ఆ పూట పాకం గడ్డకట్టదట. ఈ నమ్మకాన్ని నేను ఎంత వెక్కిరించినా, స్కూలు ఎగ్గొట్టిన ప్రతి మధ్యాహ్నం నా కడుపు నింపింది అదే.

తరవాత కూలీలు దొరక్క బావ గానుగ ఆపేశాడు. పొలంలో సరుగుడు వేశాడు. గానుగ పెరట్లో పడుంది, దాని మీదికి ఆనప పాదు పాకింది. పెనంలో అక్క వడియాలు ఎండబెడుతోంది.

ఇంతలో బావకి కూతురు ఒక ఫోను కొనిచ్చింది. అందులో ఊరు కట్టుకునే ఆట ఒకటి. ఆ ఊళ్ళో చెరకు నాటితే మనం టీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా కోతకొస్తుంది. ఎరువు అక్కర్లేదు, అడవి పందులు పడవు, తుఫాను రాదు. అలాంటి చెరకుని కోసినప్పుడల్లా బావ నడుం పట్టుకుని లేచేవాడు, నిజంగా కోసినట్టు.

ఆ ఆటలో గానుగ పెట్టాలంటే కర్ర కావాలి, రాయి కావాలి, మూడు ఇత్తడి పళ్ళచక్రాలు కావాలి. కర్ర, రాయి కావలసినంత. చక్రాలు మాత్రం దొరకవు. బొమ్మ గనిలో బొమ్మ రాళ్ళు పగలగొడుతూ కూర్చుంటే ఎప్పుడో ఒకటి మెరుస్తుంది. నేను కరువు ఎరిగినవాణ్ణి. యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి చింతచెట్టు నీడన కునుకు తీసినవాణ్ణి. ఎవడో చల్లటి గదిలో కూర్చుని చక్రం బొమ్మ గీశాడు. గీసినవాడే దాన్ని దాచేశాడు. ఇప్పుడు మా బావ దాన్ని వెతుకుతున్నాడు. ఇదీ కరువేనా?

నాది మోటార్లు రీవైండింగ్ చేసే కొట్టు. తుప్పు పట్టిన పళ్ళచక్రాలు నా దగ్గర గంపెడున్నాయి, పట్టుకెళ్ళమన్నాను. బావ నా వైపు జాలిగా చూశాడు.

"అవి ఇందులో పట్టవురా. ఇనపవి."

ఈ పిచ్చికి మూలం వియ్యంకుడు, అంటే బావ కూతురి మామగారు. ఊరు ఎస్. రాయవరం. ఆయన జీవితంలో చెరకు నమలడమే కాని నరికింది లేదు. మనవరాలి చెవులు కుట్టించిన రోజు పెసరట్టంత వెడల్పు ఫోను తీసి, అందులో పొగలు కక్కుతున్న తన గానుగని బంతిలో కూర్చున్నవాళ్ళందరికీ తిప్పి తిప్పి చూపించాడు. ఆఖర్న బావ దగ్గర ఆగాడు.

"నిజం గానుగ ఆపీసేరు. ఇందులోనైనా ఒకటి ఎట్టుకోండి బావగారూ. పొగ కళ్ళకి తగల్దు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాది కాస్త గట్టిగానే వినిపించిందని అక్క ఇప్పటికీ అంటుంది. బావ మాత్రం విస్తరి మడిచి లేచిపోయాడు. ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర చూడ్డానికి వియ్యంకుడు రావాలి, భోజనం బావ ఇంట్లో. ఆయన వచ్చేలోగా ఫోనులో గానుగ పొగ కక్కాలి. ముప్పై ఏళ్ళు నిజం గానుగ ఆడించినవాడి పరువు మూడు చక్రాల బొమ్మల మీదికి వచ్చి నిలబడింది.

ఇక ఆ వెతుకులాట చూడాలి. వర్జ్యం చూడకుండా బావ గనిలో దిగేవాడు కాదు. తూర్పు తిరిగి కూర్చునేవాడు. కాళ్ళు కడుక్కుని కూర్చునేవాడు. అయినా వచ్చేవి బొగ్గులు, మేకులు. ఒకరోజు విసిగి, హస్తవాసి మంచిదని అక్కని ఒక దెబ్బ వెయ్యమన్నాడు. ఆవిడ పప్పు కలుపుతూ, పసుపు వేలితో ఫోను అద్దం మీద ఒక్కటిచ్చింది. చక్రం వచ్చి పడింది. ఆ పచ్చమరకని బావ రెండు రోజులు తుడవలేదు. రెండోదీ అక్క చేతిమీదే వచ్చింది. తరవాత ఆవిడ, పంపు బాగుచేయిస్తేనే మూడో దెబ్బ అంది. నెలల తరబడి కారుతున్న పంపు ఆ మధ్యాహ్నమే ఆగింది. మూడో చక్రం సాయంత్రానికి పడింది. ఆటవల్ల ఆ ఇంటికి జరిగిన మేలు అదొక్కటే.

అమావాస్య ముందు రోజు పొద్దున్న నన్ను పిలిపించాడు. గానుగకి శంకుస్థాపన నా ఎదురుగా చేస్తాడట. కొట్టు మూసుకుని వెళ్ళాను, ఆ రోజు నన్ను మించిన వెర్రివాడు లేడు. బావ చక్రాల మీద వేలు పెట్టబోతుండగా ఆ బొమ్మ ఊరి గుమ్మంలోకి ఒక బొమ్మ ముసలమ్మ వచ్చింది. చంకలో బుట్ట. నెత్తిమీద బుడగలో తనకేం కావాలో కనిపిస్తోంది. ఇత్తడి చక్రం. ఇస్తే బదులుగా నాలుగు కోడిగుడ్లు. ఇవ్వకూడదనుకుంటే పక్కన ఎర్ర ఇంటూ గుర్తుంటుంది, దాన్ని నొక్కితే వెళ్ళిపోతుంది. ఆ ఆటలో రోజూ ఎవరో ఒకరు ఇలా ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు.

బావ వేలు వెనక్కి తీసుకున్నాడు. తరవాత ఒక చక్రం ఇచ్చేశాడు.

"ఏటి బావా సేసేవు?"

"గుమ్మంలోకొచ్చి నిలబడింది కదరా."

"అది మనిషి కాదు. బొమ్మ."

"బొమ్మైతే? అడిగింది కదా."

"ఆ ఇంటూ కొడితే ఎల్లిపోద్ది."

"ముసిల్దాని మొకం మీద ఇంటూ కొట్టమంటావేటి?"

ముసలమ్మ బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది. నాలుగు కోడిగుడ్లు మిగిలాయి. ఇదీ నా బావ తెలివి. సాయంత్రం దాకా అక్క చేత రాళ్ళు కొట్టించాడు. వేలికి పసుపు రాయించి కూడా కొట్టించాడు. బొగ్గులు.

మర్నాడు జాతర జనంలో నుంచి వియ్యంకుడు చెమటలు కక్కుతూ వచ్చేసరికి ఏం జరిగిందనుకున్నారు? ఫోనులో ముసలమ్మ తిరిగొచ్చింది. చక్రం వెనక్కి ఇచ్చి, బుట్టెడు వంకాయలు కూడా గుమ్మంలో దింపింది. బావ గానుగ కట్టాడు. పొగ లేచింది. ఆ పొగకి వియ్యంకుడి కళ్ళు మండి నీళ్ళు కారాయి. గుబురు మీసం వాలిపోయి, ఆఖరికి ఊడి పులుసులో పడింది.

సరే, ఇక్కడ ఆపుతాను. ముసలమ్మ తిరిగొచ్చిందన్న దగ్గర్నుంచి నా కల్పన. బొమ్మలు ఏదీ తిరిగివ్వవు. అడిగినవాళ్ళకి ఇచ్చేసి వట్టి చేతులతో మిగిలిన మనిషి కథ ఎవరికి నచ్చుతుందని, చక్రం నేనే వెనక్కి ఇప్పించాను. అసలు జరిగింది ఇది.

వియ్యంకుడు బూరెలు తింటూ గానుగ ఏదండీ అని అడిగాడు. బావ ఫోను చేతికిచ్చాడు. గానుగ ఉండవలసిన చోట ఖాళీ జాగా, పక్కన రెండు చక్రాలు. నేను నవ్వడానికి గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను.

"ముసలమ్మొచ్చి అడిగింది బావగారూ. ఒకటి ఇచ్చీసేను," అన్నాడు బావ.

వియ్యంకుడు నవ్వలేదు. చేతిలో బూరె విస్తట్లో పెట్టాడు.

"మా గుమ్మంలోకీ వచ్చిందండి ఆవిడ. శానాసార్లు. ఇంటూ కొట్టీసేను."

తన గానుగ ఆ రోజు ఎవరికీ చూపించలేదు. భోజనాలయ్యాక ఇద్దరూ అరుగు మీద ఒకే ఫోను ముందు తలలు ఆనించి కూర్చున్నారు. ముసలమ్మ మళ్ళీ వస్తుందేమో, ఏం అడుగుతుందో అని. అమ్మవారు ఊరేగుతుంటే వీళ్ళకి బొమ్మ దర్శనం. అది బొమ్మరా నాయనా అని నేను చెప్పబోతే, ఇద్దరూ ఒక్కసారే తలెత్తి, ఇనప చక్రాలు పట్టుకెళ్ళమన్నవాణ్ణి చూసినట్టు చూశారు.

మీసం కూడా అబద్ధమే. ఆయనకి అసలు మీసం లేదు. ఈగలు మాత్రం వరసలోనే నిలబడేవి.