ప్రదక్షిణం చెయ్యనన్న గూడ్సుబండి

మొన్న విశ్వకర్మ పూజనాడు బోగీలు బాగుచేసే మా రైల్వే క్యారేజ్ షాపులో నా పరువు పట్టాలు తప్పింది! ఒకసారి కాదు, నాలుగుసార్లు. అయినా ఇవాళ ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాను. ఎందుకో, టీ తాగుతూ వినండి.

నా సంగతి మీకు తెలుసు కదా. బోగీకీ బోగీకీ మధ్య తగిలించే కప్లింగు లూజుగా కనబడితే నాకు అన్నం సయించదు. బోగీల చివర ఉండే బఫర్లు ఒకదానికొకటి ఆనుకునేదాకా స్క్రూ బిగించాల, అదీ రూలు! షాపులో నన్ను 'టైట్ సూర్నారాయణ' అంటారు. వెనకాల కాదు, మొహం మీదే.

అలాంటి నేను ఈసారి పూజకని ఆర్నెల్లు కూర్చుని బుల్లి గూడ్సుబండి చేసినాను. నెయ్యి డబ్బా రేకుతో ఇంజను. లోపల పాత గ్రామఫోను స్ప్రింగు. తాళం తిప్పి వదిలితే పరుగే! పొగగొట్టంలో అగరొత్తి గుచ్చితే పొగ కూడా వస్తాది. వెనక నాలుగు వేగన్లు, వాటికి బఫర్లుగా టిచ్ బొత్తాలు. ఇక కప్లింగులంటారా... సైకిల్ స్పోకులు కోసి, అసలు బండికున్నట్టే హుక్కు, లింకు, స్క్రూ. ఒక్కోటీ వేలి గోరంత! నా చేతిపని నేనే పొగుడుకోకూడదు గానీ, పొగుడుకుంటాను. ఎవరు చేస్తారండీ అలాగ?

ప్లాను ఏటంటే, మొదటి వేగన్లో లడ్డూ పెట్టుకుని బండి దేవుడి చుట్టూ ఒక ప్రదక్షిణం చెయ్యాల. అది తిరిగొచ్చాకే హారతి. మా నాయన కూడా చూడ్డానికి వస్తానన్నాడు. ఆయన యార్డులో షంటింగ్ పోర్టరుగా చేసి రిటైరయినాడు. బళ్ళ మధ్య దూరి హుక్కులు తగిలించడం, విప్పడం, జీవితమంతా అదే పని. ఆయన నోట నా పనికి 'బాగుంది' అన్న మాట నేను పుట్టాక వినలేదు. ఈ బండి చూపిస్తే కూడా, "ఏట్రా సూరీ, నెయ్యి డబ్బాకి సక్రాలెట్నావా?" అన్నాడంతే. ఈసారి ఎలాగైనా అనిపించాలని నా పంతం.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరు వరండా పొడుగునా పట్టాలేసి టెస్టు చేసినాను. ఆ చివర్నుంచి ఈ చివరికి ఎక్కడా తొణక్కుండా వచ్చింది. ఇంకేటి కావాల?

పూజనాడు షాపులో విగ్రహం చుట్టూ పట్టాలు గుండ్రంగా పరిచినాం. ఆవేళ అందరూ పెళ్ళాం పిల్లల్ని తీసుకొస్తారు కదా, ఒకటే జనం! అగరొత్తి వెలిగించినాను. తాళం తిప్పి వదిలినాను. జానెడు పోయిందో లేదో, మూడో వేగను గెంతి పక్కకి పడింది!

"ఆరే, గాడీ ఉల్టే గేలో!" అని అరిచినాడు నాతో పనిచేసే బెంగాలీ నిమాయ్ దా. బోల్తా పడిందని నాకు కనబడనట్టు!

"కప్లింగు లూజయినట్టుంది దాదా," అని నాలుగూ ఇంకో చుట్టు బిగించినాను. ఈసారి రెండో వేగను పడింది. పట్టా వంకరన్నాను, సరిచేసినాను. ఇరుసులకి నూనె వేసినాను. ఎందుకైనా మంచిదని కప్లింగులు మళ్ళీ బిగించినాను. ఈసారి రెండు వేగన్లు కలిసి పడినాయి! లడ్డూ మాత్రం దొర్లుకుంటూ పోయి దేవుడి వాహనం ఏనుగు కాళ్ళ దగ్గర ఆగింది.

ఇంజను ఒక్కదాన్నే వదిలి చూసినాను. రాజాలా చుట్టు తిరిగొచ్చింది. అయితే ఇంజనుది తప్పు కాదు. మళ్ళీ వేగన్లు తగిలించినాను. ఎలా తగిలించినానంటారు? గట్టిగా బిగించే! ఈసారి ఇంజనుతో సహా పడింది. జనం నవ్వులు. నాకు చెమటలు. తలెత్తి చూడాలంటే భయం, గుంపులో నాయన ఉంటాడని.

ఉన్నాడు. గొడుగు నిమాయ్ దా చేతికిచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఇంత బిగించేసినావేట్రా? తిన్నగా ఎల్లే బండికి సరే గానీ, ఒంపు కాడ లోపలేపు బఫర్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. డబ్బా ఎగిరిపోదేటి మరి? యార్డులో ఇలాటి ఒంపొస్తే మేం స్క్రూ లూజు సేసీవోళ్ళం."

అంటూనే గోటితో ఒక్కో స్క్రూ వదులు చేసినాడు. వేగన్ల మధ్య ఖాళీ చూస్తే నా ప్రాణం గిలగిల్లాడింది! నాయన మాత్రం కొత్త లడ్డూ పెట్టి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసి, యార్డులో లాగే చెయ్యి పైకెత్తి ఊపినాడు.

బండి కదిలింది. ఒక చుట్టు! ఆగలేదు. స్ప్రింగు అయిపోయేదాకా మూడు చుట్లు తిరిగింది. చప్పట్లే చప్పట్లు! అందరూ బండిని చూస్తున్నారు, నేను మా నాయన్ని చూస్తున్నాను. ఆ వేళ్ళని నేను ఏనాడైనా సరిగ్గా చూసినానా అనిపించింది.

హారతి అయినాక మా ఆఫీసరుగారు, "ఎవరు చేసినారు ఇది?" అనడిగినారు.

"మావోడేనండి," అన్నాడు నాయన. నిమాయ్ దా దగ్గర గొడుగు తీసుకుంటూ, "బాగా సేసినాడు," అన్నాడు.

అంతేనండీ! ఆ మాటతో నిన్న డ్యూటీకి నడిచెళ్ళలేదు, తేలుతూ వెళ్ళినాను. ఒక బోగీ కప్లింగు బిగించి, సుద్దముక్కతో 'ఓకే' అని రాసి, అటు తిరిగి ఇటు వచ్చేసరికి దాని కింద నిమాయ్ దా హిందీలో రాసేసినాడు, "బాబూజీని అడిగినావా?" అని. బాబూజీ అంటే మా నాయనే!

ఫోర్‌మన్ అది చదివి, చెరిపెయ్యమనలేదు. నా వైపు తిరిగి, "అడిగావా?" అన్నాడు.