నగరి బస్టాండులో సిగ్నల్

వైఫై పాస్‌వర్డ్ తప్పని ఫోన్ చెప్పినప్పుడల్లా నాకు ఒకసారి నగరి మీదుగా పోయే బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నాయన గుర్తొస్తాడు. శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పనికి చేరకముందు నగరిలో మరమగ్గం నడిపేవాడట. బస్టాండు వెనక వీధిలో నేతగాళ్ల ఇళ్లన్నిటికీ కలిపి ఒకే వైఫై పెట్టింది ఆయనే. మిద్దె మీద నూనె డబ్బా రేకుతో యాంటెనా కూడా తనే చేశాడట.

నగరిలో బస్సు ఆగగానే ఆయన ఫోన్ తీసి ఆ వైఫై పేరు నొక్కాడు. పాస్‌వర్డ్ తప్పని వచ్చింది.

“నేను ఊరొదిలి పోయిన వారానికే మార్చేసినారప్పా. ఊర్లో లేనోడికి ఎందుకంట.”

“ఎవరు మార్చారు?”

“మా తమ్ముడే. ఎట్ల మార్చాలో నేర్పించింది నేనే.”

బస్సు కదిలింది. తెర మీద సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

“పేరు మాత్రం మార్చలేదు,” అన్నాడు చివరికి. “అది మా నాయన పేరు.”