మచ్చ లేని అప్పాలు

మా పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను సండూరు రోడ్డు మీద ఖనిజం లారీల వరుస వెనక ఆగి ఉన్నాను. యశ్వంతనగర్‌లో ఆమె ఇల్లు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆస్పత్రి కాగితంలో శ్వాసకోశ వ్యాధి అని రాశారు. దుమ్ము అన్న మాట అందులో ఎక్కడా లేదు.

వయసులో ఉన్నప్పుడు ఆమె గనిలో రాయి కొట్టింది, జల్లెడ పట్టింది. పెదనాన్న పోయాక ఆ పని మాని, ఊళ్లోని చిన్న కతోలిక గుడికి అప్పాలు చేసే పని తీసుకుంది. పూజలో ఫాదర్ ఆశీర్వదించి, క్రీస్తు శరీరమని చెప్పి నాలుక మీద పెట్టే పల్చటి తెల్ల బిళ్లలవి. అలా ఇచ్చినదాన్ని దివ్యసత్ప్రసాదం అంటారు. గోధుమపిండి, నీళ్లు, అంతే. ఉప్పు కూడా కలపకూడదు. పొడుగు పిడులున్న ఇనుప అచ్చులో పిండి పోసి కుంపటి మీద కాల్చేది. పిండి కలిపే ముందు నోరు పుక్కిలించేది. పని అయ్యేదాకా మాట్లాడేది కాదు.

మిగతా వేళల్లో నన్ను ఆటపట్టించేది. "దుమ్ము మీద రాస్తాండావంట గదప్పా. నీ పేపరు మా ఇంటికొచ్చేలోపల దాని మీద గూడా దుమ్మే ఉండాది."

ఒకసారి గుడిలో క్రిస్మస్ పాక కడుతుంటే, పసిబిడ్డను పశువుల తొట్టిలో ఎందుకు పడుకోబెట్టారని అడిగాను.

"తొట్టి ఏందికప్పా? మేత పెట్టేదానికే గదా. మనకు తిండి అయ్యేదానికే వచ్చినాడు. అందుకే ఆడ పెట్టినారు."

క్రిస్మస్‌కూ దివ్యసత్ప్రసాదానికీ ఉన్న సంబంధాన్ని ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పగా నేను వినలేదు.

పోయిన క్రిస్మస్ ముందు రోజు ఆమె ఇంట్లో ఉన్నాను. టిప్పర్లు గోడ పక్కనుంచే తెంపు లేకుండా పోతున్నాయి. ఆమెకు అప్పటికే ఆయాసం. కుంపటి దగ్గర కూర్చోవద్దని డాక్టర్ చెప్పి రెండు నెలలైంది. అయినా పొద్దున్నే పండగ అప్పాలు కాల్చి పళ్లెంలో ఆరబెట్టింది. కాసేపటికి వాటి మీద ఎర్రటి గనిదుమ్ము చుక్కలు.

ఫాదర్ వచ్చి చూశారు. ఆమెకు ఒంట్లో బాగాలేదని ఆయన ముందే అప్పాల కోసం బళ్లారికి మనిషిని పంపారు. అతను లారీల మధ్య చిక్కుకున్నాడు, పూజ వేళకు రాలేడు.

"ఇవే వాడదాం లేమ్మా. పాకలో పుట్టిన దేవునికి దుమ్ము కొత్త గాదు," అన్నారాయన.

"పాకలోనే పుట్టినాడు సామీ. అయితే వాళ్లమ్మ ఊరికే పండబెట్టలేదే. గుడ్డల్లో చుట్టి గదా పెట్టింది."

"ఇంక చాలు తల్లీ. నీ ఊపిరి చూసుకో."

"నేను పీల్చేది దుమ్మే. గుడికొచ్చే కూలోళ్లు పొద్దంతా గనిలో తినేదీ దుమ్మే. పండగనాడు నోట్లోకి పోయేది ఒక్కటన్నా తెల్లగా ఉండనీ సామీ."

ఫాదర్ వెళ్లాక కిటికీకీ తలుపు సందులకూ తడిచీరలు కట్టమంది. కట్టాను. దుమ్ము వచ్చే దారే పొగ పోయే దారి కూడా. అది నాకు తెలుసు. డాక్టర్ మాటా తెలుసు. నేను వద్దనలేదు. ఆమె కుంపటితో లోపల కూర్చుంది. దగ్గు వినిపించిన ప్రతిసారీ అది గది మూల నుంచి వచ్చింది. అప్పాల మీద తుంపర పడకుండా లేచి అంత దూరం పోయి దగ్గుతోందని కాసేపటికి అర్థమైంది. సాయంత్రం మూత పెట్టిన స్టీలు డబ్బాతో బయటికొచ్చింది. పెదవులు నల్లబడ్డాయి.

"చూడప్పా. ఒక్క చుక్క లేదు."

నిజంగానే లేదు.

పండగ పొద్దున ఆమె లేవలేకపోయింది. పూజ కాగానే ఫాదర్ దివ్యసత్ప్రసాదం ఇంటికి తెచ్చారు. మింగలేకపోతే చిన్న ముక్క తుంచి చెంచాడు నీళ్లతో ఇచ్చారు. ఆ తర్వాత ఆమె కుంపటి ముట్టించలేదు. మంచం దిగిందే తక్కువ. ఈ పండగ దాకా ఉండలేదు.

ఆ క్రిస్మస్ పొద్దున గని కూలీలు ఆమె చేసిన అప్పం నాలుక మీద పెట్టించుకుని, గుడి నుంచి నేరుగా ఆమె ఇంటికే వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా కాళ్ల మట్టి లోపలికి యాల అప్పా," అని వీధిలోనే నిలబడ్డారు.

వాకిట్లో వేసిన మంచం మీద నుంచి ఆమె వాళ్లనే చూస్తోంది. ఇంతలో ఒక టిప్పర్ పోయింది. దుమ్ము లేచి అందరి తలల మీదా కొత్త బట్టల మీదా పడింది. ఎవరూ పక్కకు జరగలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. పెదవులు మాత్రం గట్టిగా బిగించుకున్నారు. దుమ్ము అణిగేదాకా వాళ్లలో ఒక్కరూ నోరు తెరవలేదు.