గంగాళంతో బండి కొలిచిన అత్త

మా పెద్దత్త పోయిందన్న కబురు నాకు బ్యాంకులో అందింది. కౌంటరు ముందు జనం నిలబడి ఉన్నారు, ఫోనేమో మేనేజరు గదిలో. అటువైపు బావ, అంటే అత్త కొడుకు. "అమ్మ పోయిందమ్మా. తెల్లారి కాఫీ తాగింది, మళ్ళీ పడుకునింది, అంతే," అన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "కాఫీ ఎవరు పెట్టారు?" అని. అలాంటప్పుడు అడగాల్సిన మాటేనా అది! బావ మాత్రం ఏమీ అనుకోలేదు. "తనే పెట్టుకునింది. పాలు పలచగా ఉండాయి, పాలాయన ఆవును మార్చినాడా అని అడిగింది," అన్నాడు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

అత్త పెంచిన పిల్లలం మేమంతా ఇంతే. ఏదైనా అడక్కుండా ఊరుకోలేం. మీలో ఎవరైనా బెంగళూరు బళేపేట సందుల్లో పెళ్ళికి పాత్రలు బాడిగకు తీసుకుని ఉంటే, ఆమెను చూసే ఉంటారు. బాడిగ చెప్పే ముందు పెళ్ళికొడుకు ఏం పని చేస్తాడో, వంటవాళ్ళు ఏ ఊరివాళ్ళో, సాంబారులో బెల్లం వేస్తారో లేదో కనుక్కునేది. బస్సెక్కితే కండక్టరును అడిగేది, చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూచుంటే దారానికి మైనం ఎందుకు రాస్తారని అడిగేది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. "ఊరుకో అత్తా," అంటే ఒకటే జవాబు: "అడిగితే ఏం పోతాదే? చెప్తే చెప్తాడు, లేకుంటే మొగం తిప్పుకుంటాడు. మొగం తిప్పుకునేది కూడా ఒక జవాబే."

ఆ అంగడి అసలు మామది. గల్లా మీద ఆయన, లోపల పాత్రల మధ్య అత్త. బెంగళూరులో ఏ ఛత్రంలో ఏ పెళ్ళి జరుగుతుందో, ఎవరింటికి ఎవరు వియ్యంకులో మామకు తెలిసినట్టు పురోహితులకు కూడా తెలియదనేవారు. అట్లాంటి మనిషి డెబ్బయ్యో దశకం మధ్యలో ఒకరోజు అటక మీద నుంచి పెద్ద పెద్ద వంట అండాలు దించుతూ నిచ్చెన జారి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ నడుము కింద ఏమీ మిగల్లేదు. వడ్రంగి చేత ఆయన చేతుల కుర్చీకే చక్రాలు వేయించారు. అలసూరులో ఇల్లు, పేటలో అంగడి. ఆటోలో కూచోబెట్టాలంటే ఇద్దరు ఎత్తాలి. ఒకసారి ఎత్తారు, అంగడి ముందు నడిబజారులో దించారు. దారిన పోయేవాళ్ళంతా నిలబడి చూశారు. "నన్ను మూట మాదిరి ఎత్తొద్దండి," అని చెప్పి, ఆ తర్వాత వాకిలి దాటలేదు.

నాకు ఎక్కువ భయం వేసింది ఆయన కాళ్ళను చూసి కాదు, ఆయన ఏమీ అడగకపోవడం చూసి. "ఇవాళ అంగట్లో ఎవరొచ్చినారు" అని కూడా అడిగేవాడు కాదు. గోడ వైపు తిరిగి పడుకునేవాడు. అన్నం తగ్గిపోయింది. అత్త నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది: "ఈయన్ని మళ్ళీ గల్లా మీద కూచోబెట్టకుంటే, ఈ గోడ చూసి చూసి పోతాడే పాపా. ఆయన కుర్చీలోనే ఉండల్ల, కుర్చీతోనే బండెక్కల్ల, కుర్చీతోనే దిగల్ల. ఒక వ్యాన్ కావల్ల మనకు."

కొత్త వ్యాన్ మాట ఎత్తే తాహతు మాకు లేదు. ఉన్నా, బుక్ చేసి ఏళ్ళ తరబడి కూచోవాలి. అయితే అప్పుడే పెట్రోలు ధర పెరిగి, తెల్లదొరల కాలం నాటి పెద్ద పెద్ద పాత వ్యాన్లు పెట్టుకున్నవాళ్ళంతా వాటిని వదిలించుకోవాలని చూస్తున్నారు. చూడ్డానికి అందం, పెట్రోలంటే తీరని దాహం, ధర చవక. రోజూ అంగడికి పోయి రావడానికి, పెళ్ళిళ్ళకు పాత్రలు వేయడానికి అలాంటిదొకటి చాలు. నాకు ఆదివారం సెలవు కాబట్టి తోడుగా నేను. బావ బండి నడపడం నేర్చుకుంటున్నాడు. మాతోపాటు అంగడి ముసలి హమాలీ, ఆయన నెత్తిన పెద్ద గంగాళం.

గంగాళం ఎందుకంటారా? మా అంగట్లో అడుగులూ అంగుళాలూ లేవు. ఫలానా ఛత్రం వాకిలి ఎంత వెడల్పంటే "నడిపి గంగాళం పడుతుంది, పెద్దది పట్టదు" అంటారు. పాత్రే కొలత. మామ పడుకుని ఉన్నప్పుడు అత్త పెద్ద గంగాళాన్ని తెచ్చి ఆయన కుర్చీ మీద బోర్లించి చూసింది. కుర్చీ చేతుల అంచుకూ గంగాళం మూతికీ సరిగ్గా సరిపోయింది. కుర్చీనే ఊరంతా తిప్పితే ఆయన దినమంతా పడుకునే ఉండాలి. అందుకని గంగాళం పట్టిన బండిలో మామ కుర్చీ పడుతుందని తేల్చేసింది.

ఇక చూడండి మా ఊరేగింపు! పాత బండి చూడ్డానికి బాడిగ బండిలో గంగాళం. "ఏమమ్మా, వంట ఈడనేనా?" అని అడిగినవాళ్ళే అందరూ. నాటకాల కంపెనీ వ్యాన్ ఒకటి చూశాం. లోపల చుట్టూ కిరీటాలు తగిలించే మేకులు. అత్త ఒక్కో మేకునూ తట్టి ఇది రాముడిదా, రావణుడిదా అని అడిగింది. నేను విసుక్కుంటే, "వాడు కిరీటాలు ఎట్ల పెట్టినాడో చెప్తాడు గదే, బండిని ఎట్ల పెట్టినాడో తెలిసిపోతాది," అంది. అమ్మేవాళ్ళను అడిగే ప్రశ్నలూ అంతే. ఇంజను గురించి మగవాళ్ళను అడిగేది కాదు. లోపలికి పోయి ఆడవాళ్ళను అడిగేది: "మీ ఇంటాయన పొద్దున్నే ఈ బండిని తిట్టుకుంటాడామ్మా?"

చివరికి దండులో, అంటే కంటోన్మెంటులో, ఒక బేకరీ వ్యాన్ నచ్చింది. మీగడ రంగు, గుండ్రటి మొహం, పక్కన తలుపు, లోపల ఇంకా రొట్టెల వాసన. హమాలీ గంగాళాన్ని తలుపులోంచి లోపలికి తోశాడు. పోయింది. బయటికి తీశాడు. వచ్చింది. అత్త దండం పెట్టుకుంది.

బండి ఇంటికి వచ్చిన రోజు వీధంతా మా వాకిట్లోనే. చక్రాల కింద నిమ్మకాయలు, అద్దానికి మల్లెపూలు, దిష్టికి బూడిద గుమ్మడికాయ. మామ చాన్నాళ్ళకు గడ్డం చేయించుకున్నాడు, తెల్ల పంచె, పైన కోటు. చెక్క పలకలు ఏటవాలుగా వేసి కుర్చీని మెల్లగా పైకి తోశారు. టక్. కుర్చీ రెండు చేతులూ తలుపు చట్రానికి తగిలాయి. మళ్ళీ తోశారు. టక్. గుంపులో ఎవరో మహానుభావుడు, "ఒక పక్కకు వాల్చండప్పా," అన్నాడు. వాల్చారు. మామ జారి, చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, "దించండి!" అని అరిచాడు. అంతమంది ముందు ఆ గొంతు అలా పలకడం నేను ఎన్నడూ వినలేదు. లోపలికి పోయాక, "నన్నింక యాడికీ ఎక్కించొద్దు," అని గోడ వైపు తిరిగాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాడు అంగట్లో ఛత్రం నుంచి పాత్రలు తిరిగొచ్చాయి. హమాలీ గంగాళాన్ని వాకిట్లోంచి లోపలికి తెస్తున్నాడు. అత్త ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. "చూడే! ఆయన చేతులు చూడే!" వాకిలి దగ్గరికి రాగానే ఆయన ఒక అంచును కిందికి వంచి, చిన్నగా తిప్పి, గంగాళాన్ని లోపలికి దూర్చాడు. ఏ తలుపు దగ్గరైనా ఆయన చేసేది అదే. తనకు తెలియకుండానే చేస్తాడు. బేకరీ వ్యాన్ దగ్గరా అదే చేశాడు. మేమంతా పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని కాబట్టి అది మా కళ్ళకు ఆనలేదు. పాత్రల అంగడివాళ్ళు కాక ఇంకెవరైనా అయ్యుంటే అక్కడే పట్టేసేవారు.

పాపం, ముసలాయన తల పట్టుకుని కూలబడ్డాడు. అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చింది. "నీదేం తప్పు లేదప్పా, నీ చేతులకు పని తెలుసు. గంగాళాన్నైతే వంచి దూర్చొచ్చు. మనిషిని వంచి దూరుస్తామా?" అంది. ఖాళీ గ్లాసు అందుకుంటూ తనలో తను అనుకుంటున్నట్టు మళ్ళీ అంది: "ఊర్లో అందర్నీ అడిగినా. కూచునే మనిషిని మాత్రం ఒక మాట అడగలేదు చూడు."

బేకరీ ఆయన మంచివాడు, కథంతా విని బండి వెనక్కి తీసుకున్నాడు. కానీ మామను అడిగేదెట్లా? బండి మాటెత్తితే కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు అత్త మొదలుపెట్టిన పని నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మళ్ళీ ఆదివారం ఆదివారం బండ్లు చూసి రావడం, సాయంత్రం మామ మంచం పక్కన కూచుని నాతో చెప్పడం. అది కూడా సగం సగం. అన్నీ అడిగే మనిషి, ఏదీ అడక్కుండా వచ్చినట్టు చెప్పేది.

మారతహళ్ళి దాటి, రాగి చేల మధ్య పోయి, వర్తూరులో ఒక తోట రైతు దగ్గర పాత వ్యాన్ చూసొచ్చిన సాయంత్రం జరిగింది ఇది. రంగు వెలిసిన పచ్చ బండి, కూరగాయలు మార్కెట్టుకు వేసేది.

"వెనక తలుపులు రెండుండాయంట," అంది అత్త నాతో.

మంచం మీద నుంచి గొంతు వచ్చింది. "ఉండాయంట ఏమి? నువ్వు చూడలేదా?"

"చూసినా. ఎంత దూరం తెరుచుకుంటాయో చూడలేదు."

"తలుపు దాకా పోయినదానివి తెరిచి చూడలేదా! నేల ఎంత ఎత్తుండాది?"

"అది మతికి లేదండి."

"అయ్యో నీ పాసుగూలా! బండి చూసేదానికి పోయినావా, సంత చూసేదానికి పోయినావా?"

నాకు నోరు దురద. ఆ తలుపులు బీరువా తలుపుల్లా పూర్తిగా పక్కలకు తిరుగుతాయని, అత్త ఆ బండి నేల మీద కూచుని కాళ్ళు కింద ఆనించి మరీ చూసిందని, రైతు పెళ్ళాం దగ్గర బండి జాతకమంతా రాబట్టిందని చెప్పబోయాను. అత్త నా తొడ మీద గిల్లింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది! మామ ఇంకో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండింటికీ జవాబు దొరకలేదు. అటూ ఇటూ పొర్లి, చివరికి విసుగ్గా అన్నాడు: "ఆ బండిని ఈడికి తెప్పించు. నేనే చూస్తా."

ఈసారి నిమ్మకాయల్లేవు, గుమ్మడికాయ లేదు, ఇరుగుపొరుగుకు కబురు లేదు. అత్త గట్టిగా వద్దంది. మామ వాకిట్లో కుర్చీలో కూచుని ఆ రైతును ప్రశ్నలతో ఉతికి ఆరేశాడు. వానకు కారుతుందా? కారుతాది సామీ, డ్రైవరు నెత్తినే. చలికి లేస్తుందా? సులభంగా లేవదు సామీ, ముందర కడ్డీ పెట్టి తిప్పల్ల. సామాన్లు దొరుకుతాయా? పాత బండ్లు విప్పేచోట దొరుకుతాయి, లేకుంటే చేయించల్ల. అత్త కొంగు పళ్ళ మధ్య పట్టుకుని పక్కన నిలబడింది. ఒక్క మాట అనకుండా ఉండటం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు.

మామ అన్నాడు: "ఈయన బండిని పొగడకుండా దాని తప్పులన్నీ చెప్తాండాడు. తెలిసిన తప్పులతో కాపురం చేయొచ్చు. ఇదే కావల్ల." తర్వాత కుర్చీని ఎలా ఎక్కించాలో కూడా తనే చెప్పాడు. "మొగం లోపలికి పెట్టి కాదు, వీపు లోపలికి పెట్టి తోయండి. నేను రోడ్డు చూడల్ల." పలకల మీద కుర్చీ వెనక్కి వెళ్ళింది. ఎక్కడా తగల్లేదు. ఆయన కుర్చీ చేతికీ తలుపు చట్రానికీ మధ్య పిడికిలి పెట్టి చూపించాడు. "దూరుతాండాది చూడు," అని పిల్లవాడిలా నవ్వాడు.

ఆ వ్యాన్ ఏళ్ళ తరబడి రోజూ నడిచింది. చుట్టూ అండాలు, గంగాళాలు, మధ్యలో సింహాసనం మీద మామ. కారింది, ఆగింది, నడిరోడ్డులో మా చేత తోయించింది. అది ఆగిన ప్రతిచోటా అత్తకు ఒక స్నేహితురాలు తయారయ్యేది. మామ పోయి రెండేళ్ళు, ఇప్పుడు అత్త. ఇద్దరికీ నేను రుణపడి ఉన్నాను. ప్రేమ ఉన్నచోట కూడా ఎదుటి మనిషిని అడగాలని నాకు నేర్పింది వాళ్ళే.

కానీ అత్త అనగానే నా కళ్ళ ముందుకు వచ్చేది మొదటిరోజు అంగడి. బావ పలకలు వేశాడు, కుర్చీ దిగింది, మామ గల్లా వెనక్కి చేరాడు. కాసేపటికి ఎవరో పెళ్ళివాళ్ళు వచ్చారు. లోపల్నుంచి మామ గొంతు: "పెండ్లి యాడప్పా? పిల్ల ఎవరి కూతురు? ఏ వంటాయన్ని పెట్టినారు?" అత్త లోపలికి రాలేదు. తలుపులు తెరిచే ఉన్న వ్యాన్ వెనక, బజారులో అందరూ చూస్తుండగా, ఆ పలక మీద కాళ్ళు చాపుకుని కూచుని ఉంది. ఏమైందని దారిన పోయే ఒకావిడ అడిగితే జవాబు చెప్పకుండా మొహం తిప్పుకుంది. మామ అడిగే ఒక్కో ప్రశ్ననూ వింటూ, కళ్ళు తుడుచుకోకుండా ఏడుస్తూ, బేరం అయిపోయేదాకా అలాగే కూచుంది.